ఏడు పందేలు, ఒకే ఒళ్ళు

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున్నే చెమటోడ్చే పిల్లల్ని కదిలించి చూడండి, నీ ఈవెంట్ ఏంటని. హండ్రెడ్ అంటాడొకడు. లాంగ్‌జంప్ అంటుంది ఒకమ్మాయి. జావెలిన్ అంటాడు ఇంకొకడు. ‘అన్నీ’ అనే జవాబు చాలా అరుదుగా వినిపిస్తుంది. అలా అన్నవాణ్ణి చూసి పక్కవాళ్ళు ముసిముసిగా నవ్వుతారు. అన్నింట్లో వేలు పెట్టేవాడు దేంట్లోనూ పైకి రాడన్న నమ్మకం మన ఇళ్ళలోనూ బళ్ళలోనూ అంత గట్టిగా పాతుకుపోయింది.

ఆ నమ్మకాన్నే ప్రశ్నగా మార్చుకుందాం. బరువైన ఇనుపగుండు విసరడానికి ఒక రకం ఒళ్ళు కావాలి. బద్దె మీదుగా ఎగిరి దూకడానికి ఇంకో రకం ఒళ్ళు కావాలి. రెండు నిమిషాల పైన ఆగకుండా పరుగెత్తడానికి మరో రకం. ఇవన్నీ ఒకే మనిషి, అదీ రెండు రోజుల్లో, ప్రపంచస్థాయిలో చేయగలగడం ఎలా కుదురుతుంది? అలా చేసినవాళ్ళ ఒంట్లో ఏం జరుగుతుంది?

సిపాయి ఆట నుంచి గురుకులం అమ్మాయి దాకా

ఒక మనిషిని ఒకే పనితో కాక పలు పనులతో కొలవాలన్న ఆలోచన పాతదే. ప్రాచీన గ్రీకుల ఒలింపిక్స్‌లో పరుగు, దూకుడు, డిస్కస్, ఈటె, కుస్తీ కలిపి ఐదింటి పోటీ ఉండేది. ఒలింపిక్స్‌ను మళ్ళీ మొదలుపెట్టిన ఫ్రాన్స్ దేశస్థుడు కూబర్టాన్‌కు అది మహా ఇష్టం. ఆయన పట్టుదలతోనే 1912లో స్టాక్‌హోమ్‌లో ‘ఆధునిక పెంటాథ్లాన్’ పుట్టింది. కత్తియుద్ధం, ఈత, గుర్రపు స్వారీ, పిస్తోలు గురి, పరుగు. శత్రువుల నేలలో చిక్కుకుపోయిన సైనికుడు దొరికిన గుర్రమెక్కి, కత్తి దూసి, తుపాకీ పేల్చి, ఏరు ఈది, పరుగెత్తి తప్పించుకుంటాడన్నది దీని వెనక చెప్పే కథ.

మొదట్లో అది అచ్చంగా సైనికాధికారుల ఆట. 1912లో ఐదో స్థానంలో నిలిచిన అమెరికా లెఫ్టినెంట్ జార్జ్ పాటన్ రెండో ప్రపంచ యుద్ధం నాటికి పేరుమోసిన జనరల్ అయ్యాడు. సైన్యంలో లేనివాడు ఈ పోటీలో వ్యక్తిగత స్వర్ణం గెలవడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ గెలిచినవాడు స్వీడన్‌కు చెందిన లార్స్ హాల్, వడ్రంగి. నాలుగేళ్ళ తర్వాత మెల్‌బోర్న్‌లో మళ్ళీ గెలిచి, మొదటిసారి గెలుపు గాలివాటం కాదని చూపించాడు.

గుర్రం ఈ ఆటకు అందమూ తెచ్చింది, తలనొప్పీ తెచ్చింది. ఎవరికి ఏ గుర్రమన్నది చీటీ తీసి తేల్చేవారు. టోక్యో ఒలింపిక్స్‌లో పోటీలో ముందున్న జర్మనీ క్రీడాకారిణి అనికా ష్లోయికి చీటీలో వచ్చిన సెయింట్ బాయ్ అనే గుర్రం మొండికేసింది. ఆమె ఏడుస్తూ స్వారీ చేయడం, స్వారీలో సున్నా రావడం లోకమంతా చూసింది. చివరికి 2024 పారిస్ తర్వాత గుర్రపు స్వారీనే తీసేసి, అడ్డంకులు దాటే పరుగును దాని స్థానంలో పెట్టారు. నా మట్టుకు నాకు అది మంచి మార్పే అనిపిస్తుంది. గుర్రం, కత్తి, ఈత కొలను, పిస్తోలు ఒక్కచోట అందుబాటులో ఉండే పిల్లలు మన దేశంలో ఎంతమంది? వరంగల్‌లో, ఖమ్మంలో, కర్నూలులో ఈ ఆట పేరే విననివాళ్ళు ఎక్కువమంది ఉండటానికి కారణం పిల్లల్లో సత్తా లేకపోవడం కాదు.

తెలుగు నేలకు బాగా దగ్గరైన బహుపందేల పోటీ వేరే ఉంది. ఆడవాళ్ళ అథ్లెటిక్స్‌లో 1964 నుంచి 1980 వరకు ఒలింపిక్స్‌లో ఐదు పందేల పెంటాథ్లాన్ నడిచింది. 1984లో దానికి మరో రెండు చేర్చి ఏడు పందేల హెప్టాథ్లాన్ చేశారు. మొదటి రోజు 100 మీటర్ల హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, చివర్న 800 మీటర్ల పరుగు. కావలసిందల్లా ఒక ట్రాకు, ఇసుక గుంత, ఈటె, గుండు, ఓపికున్న కోచ్. హనుమకొండ స్టేడియానికి ఇవి లేకపోలేదు. 2021లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిందీ, హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో జాతీయ రికార్డు బద్దలు కొట్టిందీ అక్కడి ట్రాకు మీదే.

ఈ అధ్యాయంలో మన కథానాయిక అగసర నందిని. హైదరాబాద్‌లో టీ కొట్టు నడిపే ఇంటి పిల్ల. నార్సింగిలో సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుకుంది. మొదట హర్డిల్స్ పరుగెత్తేది. 2021లో నైరోబీలో జరిగిన అండర్-20 ప్రపంచ పోటీలకు వెళ్ళింది కూడా ఆ పందెంలోనే. తర్వాత ఏడింటికి మళ్ళింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కంచు గెలిచింది. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో 5,941 పాయింట్లతో ఆసియా ఛాంపియన్ అయింది. సోమా బిశ్వాస్, స్వప్నా బర్మన్ తర్వాత ఆ స్వర్ణం అందుకున్న మూడో భారతీయురాలు.

గోలెం, బావి, చెరువు

కండరం పనిచేయాలంటే ఇంధనం కావాలి. ఆ ఇంధనం ఒంట్లో మూడు దారుల్లో వస్తుంది. ఓరుగల్లు పల్లెలో ఒక రైతు ఇంటిని తలుచుకుంటే ఆ మూడూ కళ్ళకు కడతాయి. వాకిట్లో నీళ్ళ గోలెం ఉంటుంది. చేను గట్టున మోటారు బిగించిన బావి ఉంటుంది. ఊరికి ఎగువన చెరువు ఉంటుంది, పాకాల లాంటిది కాకపోయినా కాకతీయుల నాటి గొలుసుకట్టులో ఏదో ఒక చెరువు.

గోలెంలో నీళ్ళు చెంబు ముంచగానే చేతికొస్తాయి. ఆలస్యమన్నది లేదు. కాకపోతే నాలుగు చెంబులు పోసుకునేసరికి అడుగు కనిపిస్తుంది. కండరంలో ఈ గోలెం పేరు ఫాస్ఫోక్రియాటిన్. పూర్తి బలంతో వాడితే ఇది పది సెకన్లకు అటూ ఇటూగా ఖాళీ అయిపోతుంది. గుండు విసిరేటప్పుడు, ఈటె వదిలేటప్పుడు, బద్దె మీదికి ఎగిరేటప్పుడు వాడేది ఈ నీళ్ళే.

గోలెం అడుగంటేలోపే బావి మోటారు అందుకుంటుంది. కండరంలో దాచిన చక్కెరను ప్రాణవాయువు కోసం ఎదురుచూడకుండా గబగబా విడగొట్టే దారి ఇది. ధార జోరుగా ఉంటుంది. కానీ అలాగే తోడుతూ పోతే కాసేపటికి నీళ్ళలో బురద తేలుతుంది, మోటారు మూలుగుతుంది. ఆ బురదకు చాలాకాలం లాక్టిక్ ఆమ్లమని పేరు పెట్టి తిట్టారు. ఆ నింద సరైంది కాదని ఇప్పుడు తెలుసు. లాక్టేట్‌ను గుండె, ఇతర కండరాలు తిరిగి ఇంధనంగా వాడుకుంటాయి. కాళ్ళు బిగుసుకుపోవడానికి కండరంలో పేరుకునే ఆమ్ల స్వభావం, ఫాస్ఫేట్ లాంటివి ఎక్కువ కారణం.

మూడోది చెరువు. ఊపిరితో లోపలికొచ్చే ప్రాణవాయువుతో చక్కెరనూ కొవ్వునూ నిదానంగా మండించే దారి. తూము తీశాక నీళ్ళు కాలువ వెంట నడిచి చేనుకు చేరడానికి సమయం పడుతుంది. ధార సన్నం. అయినా పంటకాలమంతా ఆగదు.

ఏ పందెంలో ఏది ఎంత అన్నది శాస్త్రజ్ఞులు కొలిచారు. బాగా శిక్షణ పొందినవాళ్ళు 400 మీటర్లు పరుగెత్తినప్పుడు పదింట నాలుగు పాళ్ళకు పైగా శక్తి ఈ చెరువు నుంచే వస్తుంది, మిగతా ఆరు పాళ్ళలో ఎక్కువ భాగం బావిది. 800 మీటర్లలో దాదాపు మూడింట రెండొంతులు చెరువు నీళ్ళే. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవాంజి దీప్తిని చూడండి. మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 2024 మేలో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కంచు తెచ్చింది. ఆమె ఒంటిని మలిచింది ఒకే ప్రశ్నకు జవాబుగా: బావిని ఆఖరి ఇరవై మీటర్ల దాకా బురద తేలకుండా ఎలా తోడాలి? నందినిని అడిగే ప్రశ్నలు ఏడు, వాటి జవాబులు ఒకదానికొకటి పొసగవు. చిత్రమేమంటే ఈ ఇద్దరికీ శిక్షణ ఇచ్చినవాళ్ళలో ఒకే పేరు కనిపిస్తుంది: 2016లో ద్రోణాచార్య అవార్డు అందుకున్న నాగపురి రమేశ్.

హెప్టాథ్లాన్ చూసినవాళ్ళకు ఇక్కడ ఒక అనుమానం రావాలి. ఏడింట్లో ఆరు పందేలు అర నిమిషం లోపే ముగిసిపోతాయి. 200 మీటర్లు పాతిక సెకన్లు, హర్డిల్స్ పద్నాలుగు, మిగతావి కొన్ని సెకన్లే. అలాంటప్పుడు చెరువుతో ఏం పని? చివరి 800 కోసమేనా?

జవాబు కాకతీయుల చెరువుల్లోనే ఉంది. చెరువు నిండితే కాలువ పారడం ఒక్కటే జరగదు, దిగువన ఉన్న బావులన్నింటికీ ఊట పెరుగుతుంది. బావి నిండితే గోలెం నిండుతుంది. ఒంట్లోనూ అంతే. హైజంప్‌లో ఒక్కసారి ఎగిరి వచ్చి కూచున్న అమ్మాయికి ఫాస్ఫోక్రియాటిన్ సగం తిరిగి నిండడానికి అర నిమిషం చాలు, దాదాపు పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు కావాలి. ఆ నింపే పని చేసేది ప్రాణవాయువు దారి. అది బలంగా ఉన్నవాళ్ళకు మళ్ళీ మళ్ళీ ఎగరడానికి ఒళ్ళు త్వరగా సిద్ధమవుతుంది. ఒక పందేనికీ ఇంకో పందేనికీ మధ్య కనీసం అరగంట విరామం ఇవ్వాలని నియమం. ఆ అరగంటలో ఎవరి ఒళ్ళు ఎంత తేరుకుంటుందన్నదే ఎవరికీ కనిపించని ఎనిమిదో పందెం. స్కోరు బోర్డు మీద దానికి పేరుండదు.

ఒంట్లో ఇద్దరు మేస్త్రీలు పోట్లాడుకుంటే

చెరువునూ బావినీ గోలేన్నీ అన్నింటినీ పెద్దవి చేసుకుంటే సరిపోదా? ఇక్కడే అసలు చిక్కు.

అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు ఉండేవాడు. బరువులెత్తడం ఆయనకు అలవాటు. పనిచేసే ప్రయోగశాలలో పెద్దాయన హాలొజీతో కలిసి రోజూ పరుగెత్తడం మొదలుపెట్టాక తన కండ తగ్గిపోవడం గమనించాడు. ఇది తన ఒక్కడి సంగతా, అందరికీ ఇంతేనా అని తేల్చుకోవాలనుకున్నాడు. 1980లో అచ్చయిన ఆ ప్రయోగంలో మనుషుల్ని మూడు గుంపులు చేశాడు. ఒక గుంపు పది వారాలు బరువులు మాత్రమే ఎత్తింది. ఇంకోటి ఓపిక పెంచే కసరత్తు మాత్రమే చేసింది. మూడోది రెండూ చేసింది. రెండూ చేసినవాళ్ళ బలం మొదటి కొన్ని వారాలు బరువుల గుంపుతో సమానంగానే పెరిగింది. ఏడెనిమిది వారాల నాటికి ఆగిపోయింది. ఆ తర్వాత వెనక్కి తగ్గడం మొదలైంది. వాళ్ళ ఓపిక మాత్రం ఓపిక గుంపుకు ఏమీ తీసిపోలేదు.

కారణం జీవకణంలో దొరికింది. బరువెత్తినప్పుడు కణంలో ‘కండ కట్టు’ అనే సంకేతం లేస్తుంది. సుదీర్ఘంగా పరుగెత్తినప్పుడు ‘ఇంధనం తక్కువైంది, పొదుపు చెయ్యి’ అనే సంకేతం లేస్తుంది. రెండోది గట్టిగా మోగుతున్నప్పుడు మొదటిది మెత్తబడుతుంది. దీనికి ‘పరస్పర అడ్డు’ అని పేరు పెట్టుకోవచ్చు. తర్వాత వచ్చిన పరిశోధనలు ఈ అడ్డు హిక్సన్ చూపినంత పెద్దది కాదనీ, రెండు రకాల కసరత్తుల మధ్య కొన్ని గంటలు ఎడం ఇస్తే, తిండి నిద్ర సరిగ్గా ఉంటే చాలావరకు తగ్గుతుందనీ చెప్పాయి. ఎక్కువగా దెబ్బతినేది మొత్తం బలం కంటే పేలుడులా ఒక్కసారిగా వచ్చే బలం. ఎగరడానికీ విసరడానికీ కావలసింది సరిగ్గా అదే కావడం హెప్టాథ్లాన్ వాళ్ళ దురదృష్టం.

దీనికి తోడు ఒంటి బరువు. నాలుగు కిలోల గుండు విసరడానికి ఒంట్లో బరువుంటే మేలు. హైజంప్‌లో ప్రతి అదనపు కిలోనూ ఆకాశంలోకి మోయాలి. 800 మీటర్లలో రెండు చుట్లూ మోయాలి. అందుకే ప్రపంచస్థాయి హెప్టాథ్లాన్ క్రీడాకారిణుల్లో గుండు వీరుల్లాంటి భారీ ఒళ్ళు కనిపించదు, దూరపు పరుగువాళ్ళలాంటి బక్కపలచని ఒళ్ళూ కనిపించదు.

మరి ఏడు పనులకు ఏడు ఒళ్ళు కావాలా? కొంచెం నిదానంగా చూస్తే లెక్క చిన్నదవుతుంది. హర్డిల్స్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, హైజంప్, ఈ నాలుగింటికీ మూలం ఒక్కటే. పాదం నేలను తాకి ఉండే కొద్ది సమయంలో నేలను ఎంత గట్టిగా తన్నగలరన్నది. వేగంగా పరుగెత్తేటప్పుడు పాదం నేల మీద ఉండేది సెకనులో సుమారు పదో వంతు. లాంగ్‌జంప్ పలక మీద కూడా అంతకు కాస్త ఎక్కువ. ఆ రెప్పపాటులో కండరం సాగి ముడుచుకోవడం, పిక్కను మడమకు కలిపే గట్టి పట్టీ శక్తిని దాచి తిరిగి ఇవ్వడం జరిగిపోవాలి. చురుకు పోగులు ఎక్కువగా ఉన్న కండరమే ఆ పని చేయగలదు. ఈ ఒక్క గుణం పండితే నాలుగు పందేలు ఒకేసారి బాగుపడతాయి. మిగిలేవి రెండు విసుర్లు, ఒక దూరపు పరుగు. హర్డిల్స్ నుంచి వచ్చిన నందిని లాంటివాళ్ళు ఏడింటికి మళ్ళడంలో అర్థం ఇదే. నాలుగు పందేల పెట్టుబడి వాళ్ళ కాళ్ళలో ముందే ఉంది.

గుండె దడదడలాడుతుంటే గురి

ఆధునిక పెంటాథ్లాన్ వాళ్ళకు ఇంకో రకం చిక్కు ఉంది, దాన్ని చూడకుండా ముందుకు పోలేం. వాళ్ళ చివరి పోటీలో పరుగూ పిస్తోలూ కలిసిపోయాయి. 600 మీటర్ల చొప్పున ఐదు విడతల పరుగు, ఆ విడతల మధ్య నాలుగుసార్లు ఆగి పది మీటర్ల దూరంలోని గురిని లేజర్ పిస్తోలుతో ఐదుసార్లు కొట్టాలి. కొట్టేదాకా, లేదా 50 సెకన్లు అయ్యేదాకా కదలడానికి లేదు.

గురి వెడల్పు 59.5 మిల్లీమీటర్లు. అంటే నడిమధ్య నుంచి అంచుకు దాదాపు మూడు సెంటీమీటర్లు. చాచిన చెయ్యి భుజం నుంచి పిస్తోలు దాకా డెబ్బై సెంటీమీటర్లు అనుకుంటే, చేతి చివర రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే చాలు, కాంతి గురి అంచు దాటిపోతుంది. అప్పుడే పరుగెత్తి వచ్చిన మనిషికి రొమ్ము ఎగిసిపడుతుంటుంది, గుండె తన్నే ప్రతి తన్నుకూ చెయ్యి సన్నగా అదురుతుంది. రెండు మిల్లీమీటర్లు అప్పుడు చాలా ఇరుకు.

ఈ ఆటలో ఆరితేరినవాళ్ళు గుండెను ఆపలేరు కదా, అందుకని దాంతో సర్దుకుంటారు. చివరి కొన్ని మీటర్లలో వేగం కొంచెం తగ్గించి వస్తారు. ఊపిరి వదిలాక మళ్ళీ పీల్చేలోపు ఉండే చిన్న నిశ్చలంలో మీట నొక్కుతారు. మంచి పరుగువీరుడికి ఇక్కడ రెండు విధాల లాభం. అతని గుండె ఒక్కో తన్నుకు ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి అదే వేగానికి తక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆగగానే త్వరగా నెమ్మదిస్తుంది కూడా. అంటే పరుగు కోసం చేసిన కసరత్తు గురికీ పనికొచ్చింది. పరస్పర అడ్డు ఒకచోట ఉంటే పరస్పర సాయం ఇంకోచోట ఉంటుంది. ఈజిప్టుకు చెందిన అహ్మద్ ఎల్గెండీ టోక్యోలో వెండి గెలిచి, పారిస్‌లో 1,555 పాయింట్ల ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. ఆఫ్రికా ఖండానికి ఈ ఆటలో పతకాల ఖాతా తెరిచింది అతనే.

ఈ చివరి పోటీలో నాకు నచ్చే సంగతి ఇంకోటి ఉంది. అంతకుముందు సంపాదించిన పాయింట్ల తేడాను సెకన్లుగా మార్చేస్తారు. పది పాయింట్లు వెనకబడినవాడు పది సెకన్లు ఆలస్యంగా బయలుదేరతాడు. ఇక ఎవరు ముందు గీత దాటితే వాళ్ళే విజేత. గేటు దగ్గర నిలబడ్డ చిన్నపిల్లవాడికి కూడా లెక్క అర్థమైపోతుంది. హెప్టాథ్లాన్‌లో జరిగేది దీనికి తలకిందులు. అక్కడ సెకన్లు పాయింట్లవుతాయి, ఎవరు గెలిచారో తెలియడానికి బోర్డు వంక చూస్తూ నిలబడాలి.

నాలుగు పాయింట్లు అంటే ఎంత దూరం?

సెకన్లనూ మీటర్లనూ సెంటీమీటర్లనూ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు? ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ఉల్‌బ్రిచ్ అనే గణితజ్ఞుడు రూపొందించిన పద్ధతి ఇందుకు ఆధారం. సూత్రాలు మనకొద్దు. ఫలితం చాలు: వెయ్యి పాయింట్లు రావాలంటే హర్డిల్స్ 13.85 సెకన్లలో పూర్తిచేయాలి, 800 మీటర్లు 2 నిమిషాల 7.63 సెకన్లలో పరుగెత్తాలి, గుండు 17.07 మీటర్లు, ఈటె 57.18 మీటర్లు విసరాలి.

ఈ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి బయటపడుతుంది. హర్డిల్స్‌లో 13.85 అన్నది మంచి హెప్టాథ్లాన్ క్రీడాకారిణి చాలాసార్లు అందుకునే సమయం. 57 మీటర్ల ఈటె మాత్రం వాళ్ళలో బహు అరుదు. పైగా పరుగుల్లో ఎంత వేగం పెరిగితే ఒక్కో అదనపు అరసెకనుకూ అంత ఎక్కువ పాయింట్లు దక్కుతాయి. విసుర్లలో దాదాపు సూటి లెక్కే, మీటరుకు ఇన్ని అని. తక్కెడ పరుగు, దూకుడు వైపు కొంచెం మొగ్గి ఉందని విమర్శించేవాళ్ళున్నారు. నాకూ ఆ విమర్శ సరైందే అనిపిస్తుంది. సియోల్‌లో 1988లో 7,291 పాయింట్లతో నేటికీ ప్రపంచ రికార్డు పట్టుకుని ఉన్న జాకీ జాయ్‌నర్ కెర్సీ కూడా ముందు దూకడంలోనూ పరుగులోనూ మేటి.

ఇప్పుడు హాంగ్‌ఝౌకి వద్దాం. 2023 అక్టోబరు 1. నందినికి ఇరవై ఏళ్ళు. ఆరు పందేలు అయిపోయాయి. ఆఖరి 800 మీటర్లను ఆమె 2 నిమిషాల 15.33 సెకన్లలో పరుగెత్తింది. అంతకుముందు ఎప్పుడూ అంత వేగంగా పరుగెత్తలేదు. దానికి 888 పాయింట్లు. మొత్తం 5,712. నాలుగో స్థానంలో నిలిచింది 2018 జకార్తాలో ఇదే పోటీలో స్వర్ణం గెలిచిన స్వప్నా బర్మన్, 5,708.

నాలుగే పాయింట్లు. ఆ వేగం దగ్గర 800 మీటర్లలో ఒక సెకను విలువ సుమారు 14 పాయింట్లు. లెక్క వేసి చూస్తే, నందిని సెకనులో మూడో వంతు ఆలస్యంగా గీత దాటి ఉంటే ఆ పతకం చేజారేది. మూడో వంతు సెకనులో ఆమె దాటే దూరం రెండు మీటర్లు, అంటే దాదాపు ఒక్క అంగ. లాంగ్‌జంప్‌లో అయితే నాలుగు పాయింట్లు సెంటీమీటరున్నర కూడా కాదు. ఇసుకలో మడమ ఎంత వెనక్కి ఆనిందన్న తేడా. రెండు రోజులు ఒంటిని చీల్చుకున్న తర్వాత అంత తేడాతో తేలే ఆటలో, చివరి పందెం దాకా చెరువులో నీళ్ళు మిగిల్చుకున్నవాళ్ళే పైకొస్తారు.

చీలమండకు కట్టు కట్టుకుని

ఈ ఏడింటి ఆట గురించి తెలుగునాట ఎక్కడ మాట్లాడుకున్నా జె.జె. శోభ పేరు రాకుండా ఉండదు. కర్ణాటకలో ధార్వాడ్ దగ్గర పల్లెలో పుట్టి, సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ అమ్మాయి. 2002 బుసాన్, 2006 దోహా ఆసియా క్రీడలు రెండింట్లోనూ కంచు. 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో స్వర్ణం. 2004లో ఢిల్లీలో ఆమె చేసిన 6,211 పాయింట్లు జాతీయ రికార్డు.

అదే ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రెండో రోజు జావెలిన్ విసురుతూ చీలమండ మడతపడింది. స్ట్రెచర్ మీద మోసుకెళ్ళారు. ఇక అయిపోయిందనుకున్నారు అందరూ. హెప్టాథ్లాన్‌లో ఒక్క పందెం మొదలుపెట్టకపోయినా మొత్తం పోటీ నుంచి బయటికే. ఆమె కట్టు కట్టించుకుని 800 మీటర్లకు వచ్చింది. తన గుంపులో మూడో స్థానంలో గీత దాటింది. మొత్తం మీద 6,172 పాయింట్లతో పదకొండో స్థానం.

నొప్పి చీలమండలో పుట్టి అలాగే మెదడుకు చేరిపోదు. దారిలో వెన్నుపాము దగ్గర దాన్ని కొంత ఆపే ఏర్పాటు ఒంట్లో ఉంది. తీవ్రమైన ఉద్వేగంలో అడ్రినలిన్ పొంగుతుంది, మెదడు తన సొంత మత్తుమందుల్లాంటి ఎండార్ఫిన్లను విడుదల చేస్తుంది, దెబ్బ తగిలిన చోటి నుంచి వచ్చే కబురు తాత్కాలికంగా సన్నబడుతుంది. గట్టి కట్టు చీలమండ అటూ ఇటూ ఊగకుండా పట్టుకుంటుంది. ఇవేవీ గాయాన్ని మాన్పవు, తర్వాత ఆ మూల్యం చెల్లించాల్సిందే. మన పత్రికలు ఇలాంటి కథల్ని పిల్లలకు ఆదర్శంగా చెప్పడం చూస్తే నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. ఒలింపిక్స్ చివరి పందెంలో ఆ బేరానికి అర్థముంది. స్కూలు జోనల్ మీట్‌లో పదిహేనేళ్ళ అమ్మాయి మడత పడ్డ కాలుతో పరుగెత్తడానికి లేదు.

శోభ 6,211కూ గుమిలో నందిని 5,941కూ మధ్య 270 పాయింట్ల దూరం. అది ఎక్కడ దొరుకుతుంది? పట్టిక ముందు పెట్టుకుని సరదాగా లెక్క వేయొచ్చు. మన దేశపు క్రీడాకారిణుల స్థాయిలో గుండు ఒక మీటరు ఎక్కువ పడితే 66. హైజంప్ ఆరు సెంటీమీటర్లు పెరిగితే 73. ఈటె నాలుగు మీటర్లు పెరిగితే 77. 800 మీటర్లు నాలుగు సెకన్లు తగ్గితే 57. కూడితే 273.

కాగితం మీద ఇంత తేలిక. ట్రాకు మీద నాలుగూ ఒకదాన్నొకటి లాగుతాయి. గుండు కోసం కండ పెంచితే హైజంప్ మూడు సెంటీమీటర్లు, అంటే 36 పాయింట్లు, వెనక్కి తీసుకోవచ్చు. 800 కోసం దూరపు పరుగులు ఎక్కువైతే ఎగిరే బలం మొద్దుబారుతుంది. ఈటె ఒక్కటే పెద్దగా ఎదురు తిరగదు. దానికి బరువు పెరగనక్కర్లేదు, ఊపిరి పెంచనక్కర్లేదు, భుజమూ నడుమూ ముంజేయీ ఏ క్షణంలో ఏది ముందు కదలాలన్నది ఒంటికి అలవాటైతే చాలు. ఆ అలవాటు ఏళ్ళ తరబడి విసిరితే గానీ రాదు, పైగా చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకే బాగా అబ్బుతుంది. మన బడి మైదానాల్లో పన్నెండేళ్ళ ఆడపిల్ల చేతికి ఈటె ఇచ్చే పీఈటీలు ఎంతమంది ఉన్నారన్నదాని మీదే ఆ 77 పాయింట్లు ఆధారపడి ఉన్నాయి.